పిక్క నుంచి పాదు దాకా: పర్లాకిమిడి పెరళ్లలో కొత్తగా కూరగాయలు వేసేవారికి

పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు వేద్దామనుకునేవారు మొదట అడిగేది ఎరువు గురించి, ఆ తరువాత కుండీల గురించి. గింజ గురించి, మా వైపు మాటలో పిక్క గురించి, అడిగేవారు తక్కువ. కొట్లో పొట్లం కొన్నాం, మట్టిలో వేశాం, నీళ్లు పోశాం, ఇక మొలవడం దాని పని అన్న భావన చాలామందిలో ఉంది. నా అభిప్రాయం ఇందుకు భిన్నం. మొదటిసారి పెంచేవారి మొక్కలు ఎక్కువగా పోయేది పురుగు వల్లనో ఎరువు చాలకనో కాదు. గింజ వేసిన నాటి నుంచి నారు నిలదొక్కుకునే వరకు గడిచే ఆ మూడు నాలుగు వారాల్లోనే పోతాయి. ఎండుగా, గట్టిగా కనిపించే గింజ లోపల ఒక చిన్న మొక్క, దానికి మొదటి రోజులకు సరిపడా తిండి రెండూ ఉంటాయి. ఆ మొక్క అతి నెమ్మదిగానైనా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. అది ప్రాణమున్నదని గుర్తుంచుకుంటే దాన్ని ఎక్కడ దాచాలో, ఎంత లోతున వేయాలో, ఎన్ని నీళ్లు పోయాలో ఒకరు చెప్పవలసిన అవసరం చాలావరకు ఉండదు.

మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ, సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నంలోనూ నేల, వాన, గాలి ఒకటే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత మనుషులకే గాని పెరళ్లకు కాదు. ఇక్కడ ఎర్రనేలల్లో ఆమ్ల గుణం ఎక్కువ. సముద్రం దగ్గర కావడం వల్ల గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు వదలదు. వానాకాలం చివర తుపానులు వస్తాయి. పొడి ప్రాంతాల వారి కోసం రాసిన తోటపని సలహాలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే గింజలు బూజుపడతాయి, నారు కుళ్లుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల పెరళ్లకు పనికివచ్చే సంగతులనే రాస్తున్నాను.

ముందుగా పొట్లం. బొమ్మ మీద ఎర్రగా నిగనిగలాడే కాయను చూసి కొనడం మానేసి, వెనుక చిన్న అక్షరాలను చదవాలి. రకం పేరు, పరీక్ష జరిపిన తేదీ, ఏ తేదీలోగా వాడాలి, మొలక శాతం, అది హైబ్రిడ్ (రెండు రకాలను కలిపి తయారుచేసిన సంకర విత్తనం) అవునా కాదా, మందు పట్టించారా లేదా అన్నవి అక్కడ ఉంటాయి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం రంగు చీటీ ఉంటుంది. అది పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు చెల్లుతుంది. మన దేశంలో ధ్రువీకరణకు కావలసిన కనీస మొలక శాతం టమాటకు, వంగకు 70, బెండకు 65, మిరపకు, ఆనప, బీర, కాకర లాంటి తీగజాతులకు 60. అంటే నియమాల ప్రకారం మంచిదనిపించుకున్న మిరప గింజల్లో కూడా పదింట నాలుగు మొలవకపోవచ్చు. ఒక్కో పాదులో మూడు పిక్కలు వేయమని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే. గులాబీ రంగులోనో, నీలంగానో కనిపించే గింజలకు శిలీంద్రాలను చంపే మందు పట్టించి ఉంటారు. వాటిని పిల్లలకు అందనివ్వకూడదు, ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మిగిలిపోతే కోళ్లకు వేయకూడదు.

పొట్లం పాతదైనా, ఇంట్లో దాచిన పిక్కలైనా, మట్టిలో వేసే ముందు తడిగుడ్డలో పరీక్షించడం మంచిది. పాత నూలుగుడ్డ ముక్కను తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి, దానిలో 20 గింజలను ఒకదానికొకటి తగలకుండా పరిచి, మడిచి, మూత వదులుగా పెట్టిన స్టీలు డబ్బాలో ఉంచాలి. రోజుకొకసారి విప్పి చూడాలి. అలా విప్పినప్పుడు కొత్త గాలి కూడా తగులుతుంది. తోటకూర మూడు నుంచి ఐదు రోజుల్లో, బెండ నాలుగు నుంచి ఏడు రోజుల్లో, టమాట ఐదు నుంచి పది రోజుల్లో తెల్లని వేరుమొన చూపిస్తుంది. వంగకు వారం నుంచి పది రోజులు పడుతుంది. మిరప ఒక వారం నుంచి రెండు వారాలు తీసుకుంటుంది. రాత్రిళ్లు చల్లబడే పుష్య మాసంలో ఇంకా ఆలస్యం కావచ్చు. 20లో 14 మొలిస్తే నిశ్చింతగా వేసుకోవచ్చు. ఎనిమిదే మొలిస్తే రెట్టింపు గింజలు వేయాలి. రెండో మూడో మొలిస్తే ఆ పొట్లం మీద ఆశ వదులుకోవడమే మేలు.

నానబెట్టడంలో హద్దు ఉంది. బెండ పిక్కలను ఒక రాత్రి, పెంకు గట్టిగా ఉండే కాకర పిక్కలను ఒక పగలూ ఒక రాత్రీ నానబెడితే త్వరగా మొలుస్తాయి. కాకర పిక్క మొనను గోళ్లు కత్తిరించే కట్టరుతో కొద్దిగా చిదిపితే నీరు ఇంకా తేలికగా లోపలికి పోతుంది. అంతకు మించి నీళ్లలో వదిలేస్తే లోపలి మొక్కకు గాలి అందక చచ్చిపోతుంది. ధనియం నిజానికి రెండు గింజలున్న కాయ. చెప్పు కింద వేసి మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వేస్తే కొత్తిమీర ఒత్తుగా వస్తుంది.

ఏ రకం వేయాలన్న విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకించి చెప్పవలసిన మాట ఒకటుంది. వంగ, టమాట, మిరప మొక్కలు పూత మీదుండగా, ఆకుల్లో పసుపు అయినా కనిపించకుండా, పచ్చగానే ఒక్కసారిగా వాలిపోవడం ఈ చుట్టుపక్కల తరచుగా చూస్తాం. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, మొక్క ఇంకా త్వరగా పోతుంది. అది నేలలో ఉండే బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు. వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర అడ్డంగా కోసి, గాజు గ్లాసులో నిశ్చలమైన నీటిలో కోసిన వైపు మునిగేలా పట్టుకుని కొద్ది నిమిషాలు చూడండి. కోసిన చోటు నుంచి తెల్లని జిగురు సన్నని దారాలుగా నీటిలోకి దిగుతుంది. అలా దిగితే సందేహం అక్కరలేదు. వెచ్చగా, తేమగా, ఆమ్ల గుణంతో ఉండే నేలల్లో ఈ తెగులు నిలిచి ఉంటుంది. వచ్చాక చల్లి నయం చేయగల మందు లేదు. రకాన్ని ఎంచుకోవడంలోనే జాగ్రత్త పడాలి. భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులును తట్టుకునే రకాలను రూపొందించింది: టమాటలో ఉత్కల్ కుమారి, ఉత్కల్ దీప్తి, వంగలో ఉత్కల్ తారిణి, మిరపలో ఉత్కల్ ఆవ. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ టమాట కూడా దీన్ని తట్టుకుంటుంది గాని, అది హైబ్రిడ్ కనుక మళ్లీ గింజ కట్టుకోవడానికి పనికిరాదు. మొదటిసారి వేసేవారు గజపతి జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న ఆర్. ఉదయగిరి వైపు వెళ్లినప్పుడు, లేదా పర్లాకిమిడిలోనే స్వామినాథన్ పేరిట ఉన్న వ్యవసాయ కళాశాల వారిని కలిసినప్పుడు, ఏ రకం దొరుకుతుందో అడిగి తెచ్చుకోవడం కొట్లో కనిపించిన పొట్లం కొనడం కన్నా మంచిది.

నారు పోయడానికి మట్టి తేలికగా ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఏటి ఇసుక కలిపితే చాలు. ఎరువు చేతిలోకి తీసుకుంటే వేడిగా ఉండకూడదు, పేడ వాసన రాకూడదు. ఉద్దానం వైపు నుంచి వచ్చే కొబ్బరి పొట్టు వాడదలచుకుంటే ఇసుక బదులు కలపవచ్చు గాని, దానిలో ఉప్పు ఉంటుంది కనుక మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి పిండిన తరువాతే కలపాలి. మట్టిలో పెడుతున్నప్పుడు గింజ మందానికి రెండు మూడు రెట్లు లోతు సరిపోతుంది. ఆనప పిక్క అంగుళం లోతుకు మించరాదు. వంగ, టమాట గింజలపై పలుచగా మట్టి చల్లితే చాలు. తోటకూర గింజలను పొడి ఇసుకతో కలిపి చల్లి, అరచేత్తో అద్దితే సరిపోతుంది. తోటకూర గింజలను చీమలు ఎత్తుకుపోతాయి, మడి చుట్టూ బూడిద గీత గీయడం మరువకూడదు.

తీగజాతి పిక్క మొలవడం దగ్గరగా కూర్చుని చూడదగ్గ విషయం. ఆనప పిక్క ముందు కింది మొన నుంచి వేరు దించుతుంది. వేరూ కాండమూ కలిసే చోట, కింది వైపున, ఒక చిన్న బొడిపె లేస్తుంది. ఆ బొడిపె పెంకు కింది చెక్కను అదిమి పట్టుకుంటుంది. పైకి లేవవలసిన కాండం వంగి, బలం కూడదీసుకుని, జంట ఆకులను ఆ పెంకులోంచి మెల్లగా బయటకు లాగుతుంది. పెంకు మట్టిలోనే ఉండిపోతుంది, ఆకులు వెలుతురులోకి వచ్చి విచ్చుకుంటాయి. పిక్కను నిలువుగా గుచ్చినా, మరీ పైపైన వేసినా ఈ పట్టు సరిగా దొరకదు. అప్పుడు మొలక పెంకును నెత్తిన పెట్టుకుని పైకి వస్తుంది, ఆకులు విడలేక పసుపుబారుతాయి. అలాంటిది కనిపిస్తే లాగేయకూడదు; సాయంత్రం నీళ్లతో పెంకును తడిపి, మెత్తబడ్డాక మరునాడు ఉదయం గోటి అంచుతో మెల్లగా తప్పించాలి. పిక్కలను బల్లపరుపుగా పడుకోబెట్టి వేయమని మా ఇంట్లో పెద్దవారు చెప్పినదానికి కారణం ఇదే.

నీళ్ల విషయంలో కొత్తవారితో నాకు ఎక్కువగా జరిగే సంభాషణ ఒకేలా ఉంటుంది. మా వీధిలో ఈ మధ్యే మేడ మీద కుండీలు పెట్టిన కోడలు పిల్ల అడిగింది:

"అక్కా, పొద్దున్నా సాయంత్రమూ చెంబుడు నీళ్లు పోస్తున్నాను. వంగ పిక్క ఒక్కటీ పైకి రాలేదేంటి?"

"కుండీ అడుగున కన్నం ఉందా అమ్మా?"

"ఉందక్కా, కానీ మట్టి కారిపోతుందని గుడ్డ కుక్కేశాను."

"అది తీసెయ్యి. వేలు పెట్టి చూడు. పై మట్టి తడిగా ఉన్నన్నాళ్లూ నీళ్లు పోయకు."

నీరు నిండిన మట్టిలో గాలికి చోటుండదు, గింజకు ఊపిరాడదు. అయితే మొలక మొదలయ్యాక ఒక్క మధ్యాహ్నం పూర్తిగా ఎండినా అది చచ్చిపోతుంది. తడి ఉండాలి, నిలవకూడదు. చెంబుతో పోస్తే చిన్న గింజలు కొట్టుకుపోతాయి కనుక, ప్లాస్టిక్ సీసా మూతకు సన్నని కన్నాలు చేసి చిలకరించాలి. మడి మీద వరిగడ్డి పలుచగా పరిస్తే తేమ నిలుస్తుంది. కానీ మొలకలు తల ఎత్తిన రోజు సాయంత్రమే ఆ గడ్డిని తీసేయాలి. ఒక రోజు ఆలస్యమైనా నారు వెలుతురు కోసం సన్నగా సాగిపోతుంది. అలా సాగిన నారు తిరిగి బలపడదు. గడప నీడలోనో కిటికీ దగ్గరో పెంచిన నారుకు కూడా ఇదే గతి.

వానాకాలంలో నారుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు నారుకుళ్లు. నిన్న నిలబడి ఉన్న మొలక నేలను తాకే చోట నీరుపట్టినట్టు సన్నబడి, ఈ ఉదయానికి పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ పక్కవి సాయంత్రానికి ఒరుగుతాయి. నేలలోని శిలీంద్రాల వల్ల ఇది వస్తుంది, కిక్కిరిసిన నారూ నిలిచిన నీరూ దానికి దారి చేస్తాయి. అందుకే గింజలను చల్లకుండా, రెండు వేళ్ల ఎడంలో వరుసలుగా పలుచగా వేయాలి. నేల మీద పోస్తే మడి జానెడు ఎత్తుండాలి, చుట్టూ నీరు పోయే కాలువ ఉండాలి. మాగిన ఎరువు కిలోకు 20 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పది రోజులు ఉంచి మడిలో కలిపితే మేలు చేసే శిలీంద్రం ముందుగా చోటు పట్టుకుంటుంది. మబ్బు పట్టిన రోజున నీళ్లు అసలే పోయకూడదు. కుళ్లు మొదలైన చోట మొలకలను మట్టితో సహా తీసి దూరంగా పారేసి, మిగిలినదాన్ని ఎండకు ఆరనివ్వాలి.

కాలం గురించి నా సలహా చాలామంది చెప్పేదానికి కొంచెం వేరుగా ఉంటుంది. మృగశిర కార్తె రాగానే, అంటే జూన్ రెండో వారంలో, ఆనప, బీర, కాకర, బెండ, చిక్కుడు వేయడం మన దగ్గర ఆనవాయితీ. అది సరైనదే, ఎందుకంటే వాటి గింజలు పెద్దవి, నేరుగా పాదులోనే వేస్తాం, వాన దెబ్బకు తట్టుకుంటాయి. వంగ, టమాట, మిరప నారు మాత్రం కొత్తవారు జూన్‌లో పోయకపోవడం మంచిది. సెప్టెంబరులో పోయవచ్చు గాని, పొట్లంలో సగమే పోయాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో అదే అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి, మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసి, ఉద్దానంలో కొబ్బరి చెట్లను పడగొట్టింది. సెప్టెంబరు నారు నాటుకుని వేళ్లు పట్టే సమయం సరిగ్గా అదే. మిగిలిన సగం గింజలను అక్టోబర్ చివరి వారంలో పోస్తే, మొదటిది పోయినా సంక్రాంతి దాటాక టమాటలు చేతికి వస్తాయి. మొదటిది నిలిస్తే కోత ఇంకా ఎక్కువ రోజులు సాగుతుంది. తీగలకు మరో అదను సంక్రాంతి తరువాత వస్తుంది, వేసవి కాపు కోసం.

నాటడం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. టమాట నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 40 నుంచి 45 రోజులకు పీకడానికి సిద్ధమవుతుంది. పీకే ముందు వారం రోజులు నీళ్లు తగ్గించి, ఎండ ఎక్కువ తగలనివ్వాలి. పీకే రోజున మాత్రం మడిని బాగా తడపాలి. నాటడం సాయంత్రమే. ముల్లంగి, క్యారెట్, బెండ, చిక్కుడు, కొత్తిమీర లాంటివి పీకి నాటితే వేరు దెబ్బతిని సరిగా పెరగవు కనుక, వాటి చోటు ముందే నిర్ణయించుకుని అక్కడే గింజ వేయాలి.

ఒక ఏడాది పండించినవారు తరువాతి ఏటికి తమ పిక్కలు తామే కట్టుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఒడిశాలోనే కొరాపుట్ జిల్లాలో కమలా పూజారి ఇంటింటికీ తిరిగి దేశవాళీ వరి వంగడాలను సేకరించి కాపాడారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమె 2024లో కన్నుమూశారు. అంతటి పని అందరివల్లా కాకపోవచ్చు, కానీ సంతలో కొండ మీది సవర గిరిజనుల దగ్గర కొన్న చిక్కుడు గింజల్లో నచ్చిన రకాన్ని ఏటేటా నిలుపుకోవడం ఏ పెరట్లోనైనా సాధ్యమే. టమాటను పూర్తిగా పండనిచ్చి, గుజ్జుతో సహా గింజలను గ్లాసులో ఒకటి రెండు రోజులు పులియబెట్టి, జిగురు పోయేలా కడిగి నీడలో ఆరబెట్టాలి. వంకాయను పసుపుపచ్చగా మారి మెత్తబడే దాకా చెట్టునే ఉంచి, నీళ్లలో పిసికి, అడుగుకు దిగిన గింజలనే తీసుకోవాలి. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. ఆనపకాయను మాత్రం పెంకు గట్టిపడ్డాక కోసి, అటక మీద ఎండబెట్టి అవసరమైనప్పుడే పగలగొట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని, దాచిన చోటు వేడి 5 డిగ్రీలు తగ్గినా అలాగే రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం ఒకటుంది. మన వానాకాలంలో కాగితం పొట్లంలో వదిలేసిన గింజ గాలిలోని తేమ పీల్చుకుని, ఊపిరి వేగం పెంచుకుని, తన తిండి తానే తినేసి చచ్చిపోతుంది. బిగుతైన మూత ఉన్న గాజు సీసాలో, అడుగున బాగా వేయించి చల్లార్చిన బియ్యం రెండు గుప్పెళ్లు పోసి, దాని మీద రకం పేరూ ఏడూ రాసిన చిన్న పొట్లాలను పెట్టి, చల్లని చీకటి చోట ఉంచాలి. వానలు పడుతున్నన్ని నాళ్లూ నెలకొకసారి బియ్యాన్ని మళ్లీ వేయించి మార్చాలి. ఇలా దాచినా ఉల్లి గింజ ఒక ఏడాదికి మించి నమ్మదగినది కాదు; బెండ, మిరప రెండేళ్లు, టమాట, వంగ మూడేళ్లు, తీగజాతులు నాలుగేళ్ల దాకా నిలుస్తాయి.

తీగజాతుల పిక్కలు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. వాటిలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటాయి, తేనెటీగలూ పురుగులూ ఎక్కడెక్కడి పుప్పొడినో తెస్తాయి. ధ్రువీకరించిన విత్తనం పండించేవారు రకానికీ రకానికీ మధ్య 500 మీటర్ల దూరం పాటించాలి. పెరట్లో అది కుదరదు. ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక, ఆ మధ్యాహ్నమే రేపోమాపో అన్నట్టున్న ఆడ మొగ్గకూ మగ మొగ్గకూ పలుచని గుడ్డ సంచులు కట్టి, దీపాలు పెట్టే వేళకు మగపువ్వు రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్ది, మళ్లీ సంచి కట్టి, ఆ కాయ తొడిమకు ఎర్ర దారం కట్టి గుర్తుంచుకోవాలి. ఎక్కడి నుంచో పుప్పొడి వచ్చి పడిన పిక్కల నుంచీ, పెంటకుప్ప మీద తనంతట తాను మొలిచిన తీగల నుంచీ ఒక్కోసారి చేదు ఆనపకాయలు వస్తాయి. ఆ చేదు విషం. వాంతులూ రక్తవిరేచనాలూ కలిగించి ప్రాణం మీదికి తెస్తుంది, ఉడికించినా పోదు. కూరకు తరిగే ముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చూసి, చేదనిపిస్తే ఉమ్మేసి నోరు కడుక్కోవాలి. ఆ కాయను పారేయాలి, ఆ తీగను పీకేయాలి, ఆ పాదు కాయల్లో ఒక్కదాని పిక్కలు కూడా దాచకూడదు, ఎవరికీ పంచకూడదు.